గూడబాతు కోసం మూడు కాళ్లు: ఒక టేకు ట్రైపాడ్ డైరీ

నవంబరు 2

ఉప్పలపాడు చెరువు కట్ట మీద ఈ ఉదయం నూట ఇరవై ఫొటోలు తీశాను. గుంటూరు తిరిగివచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే పనికివచ్చేవి ఇరవై తేలాయి. పక్షులు కదిలాయని సర్దిచెప్పుకుందామంటే అవి కదలలేదు. తెల్లవారుజామున తుమ్మచెట్టు మీద ముక్కును వీపు ఈకల్లో దూర్చుకొని నిద్రపోతున్న గూడబాతు (పెలికాన్) కన్నా నిశ్చలమైనది ఏముంటుంది? కదిలింది నా ట్రైపాడ్.

లెన్సు 600 మి.మీ. దాకా సాగేది. కెమెరాతో కలిపి మూడు కిలోలకు కాస్త తక్కువ. ఆ మసక వెలుతురులో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800 పెట్టి, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరిచినా షట్టరు వేగం సెకనులో 30వ వంతుకు పడిపోతుంది. ఐఎస్ఓ ఇంకా పెంచితే ఈకల మెత్తదనం పోయి నూకలు పోసినట్టు కనిపిస్తుంది. కాబట్టి నెమ్మది షట్టరు తప్పదు, దానికి కదలని స్టాండు తప్పదు.

నా దగ్గర ఉన్నది ఆరేళ్ల కిందట కొన్న అల్యూమినియం ట్రైపాడ్. ఒక్కో కాలు అయిదు గొట్టాల మడత. పెట్టె మీద 8 కిలోలు మోస్తుందని అచ్చు వేశారు. మోస్తుంది. మోస్తూ వణుకుతుంది.

మంచి కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ ధర చూశాను. ఆ అంకెను ఇంట్లో పైకి చదవలేదు.

నవంబరు 5

కళ్లతో చూసి "ఊగుతోంది" అనుకుంటే సరిపోదు. పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాడిని, ముందు కొలవాలి.

రాత్రి డాబా మీద ఏర్పాటు ఇది: లెన్సుకు ఒక లేజర్ పాయింటరును టేపుతో కట్టాను. 8 మీటర్ల దూరంలోని పిట్టగోడకు గ్రాఫు కాగితం అంటించాను. లెన్సు చివర తగిలేలా దారానికి ఒక రబ్బరు బంతి వేలాడదీసి, ప్రతిసారీ ఒకే కోణం నుంచి వదిలాను. వేలితో కొడితే ఒక్కోసారి ఒక్కో బలం పడుతుంది, పోలికకు పనికిరాదు. గోడ మీద ఎర్ర చుక్క గంతులను ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో వీడియో తీశాను. చుక్క ఒక గడిలోకి వచ్చి అక్కడే నిలిచేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టే పని మా అమ్మాయికి అప్పగించాను. మొదటి వీడియో వెయ్యి ఫ్రేములకు దగ్గరగా తేలేసరికి ఆ అమ్మాయి కూలి అడిగింది.

నడిమి కాడను (మూడు కాళ్ల మధ్య నుంచి కెమెరాను పైకి లేపే గొట్టం) పూర్తిగా పైకి ఎత్తితే చుక్క నిలవడానికి నాలుగు సెకన్లు. కాడను దించేస్తే రెండు సెకన్ల పైన. కాడ దించి, అన్నింటికన్నా సన్నవైన అడుగు గొట్టాలను కూడా మడిచేస్తే 1.4 సెకన్లు.

ఇంకా ఏ వస్తువూ మార్చలేదు, పైసా ఖర్చు పెట్టలేదు. వణుకు మూడో వంతుకు వచ్చేసింది. ఆరేళ్లుగా నేను ఆ కాడను ఎత్తి, లెన్సును ఒంటికాలి మీద నిలబెట్టి ఫొటోలు తీస్తున్నానన్నమాట.

అడుగు గొట్టం సంగతి కూడా లెక్క వేశాను. నా ట్రైపాడ్‌లో పై గొట్టం 25 మి.మీ., చిట్టచివరిది 13 మి.మీ. గొట్టాల రేకు మందం ఒకటే అనుకుంటే, వంగకుండా నిలిచే బలం వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే చివరి గొట్టం పైదానిలో ఏడో వంతు బలంతో నిలబడుతోంది. సంచిలో ఇమడాలని మడతలు పెంచుకుంటూ పోయే కొద్దీ మనం కొనుక్కుంటున్నది ఆ ఏడో వంతునే.

నవంబరు 6

నిన్నటి పద్ధతిలో ఒక లోపం ఉంది, రాసి పెట్టుకోవాలి. నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు దాదాపు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). 600 మి.మీ. లెన్సుకు ఒక పిక్సెల్ కదలిక 8 మీటర్ల దూరంలోని గోడ మీద 0.05 మి.మీ. మాత్రమే. లేజర్ చుక్కే అంతకన్నా లావు. చుక్క ఆగినట్టు కనిపించాక కూడా ఫొటో చెడగొట్టేంత వణుకు మిగిలే ఉంటుంది. ఒక స్టాండును ఇంకో స్టాండుతో పోల్చడానికి ఈ పద్ధతి చాలు. ఆఖరి తీర్పు మాత్రం ఫొటోదే.

నవంబరు 9

అటక మీద నాన్న సర్వే స్టాండు ఉంది. సాగర్ కుడి కాలువ కింద పిల్ల కాలువలు తవ్విన రోజుల్లో ఆయన లెవెల్ పరికరం పెట్టి చూసిన స్టాండు లాంటిదే ఇది. శాఖలో పాత సామాను వేలం వేసినప్పుడు కొన్నారు. చెక్క కాళ్లు, ఇనుప ములుకులు, ఇత్తడి తల. దించి, దుమ్ము దులిపి, నిలబెట్టి, పై పలక మీద గ్లాసుతో నీళ్లు పెట్టి ఒక కాలిని తట్టాను. నీళ్లు ఒక్కసారి మెరిసి ఊరుకున్నాయి.

నాన్నకు ఎనభై దాటాయి. కుర్చీలోంచే అన్నారు: "దాని మీద చెయ్యి ఆనించి చూడకూడదురా. ములుకులు కాలితో తొక్కి దిగగొట్టాలి. తరువాత ముట్టుకోకూడదు."

అయితే ఇదే వాడుకోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. దాని ఇత్తడి మర, కెమెరాను బిగించడానికి నా దగ్గరున్న తలల్లో దేనికీ సరిపోదు. ఇప్పటి సర్వే స్టాండ్ల మర 5/8 అంగుళం, దానికి బజారులో మార్పిడి మరలు దొరుకుతాయి. ఇది అంతకు ముందు తరానిది. కాళ్లు పొట్టి చేయడానికీ వీల్లేదు. నాన్న ఉండగా దాన్ని కోయడానికి నాకు ధైర్యం లేదు.

కానీ చెక్క అన్న ఆలోచన అక్కడ పుట్టింది. కొత్త ఊహ ఏమీ కాదు. జర్మనీలోని సాక్సనీలో బెర్లెబాఖ్ అనే సంస్థ 1898 నుంచి యాష్ కర్రతో ట్రైపాడ్లు చేస్తోంది, ఇప్పటికీ అమ్ముతోంది. కార్బన్ ఫైబర్ ట్రైపాడ్లను గిట్జో సంస్థ బజారులోకి తెచ్చింది 1994లో. అంతకు ముందువాళ్లందరూ చెక్క మీదో లోహం మీదో పెట్టి తీసినవాళ్లే.

నవంబరు 12

బకెట్ పరీక్ష. రెండు స్టూళ్ల మధ్య ఒక మీటరు ఖాళీ వదిలి, ఆ ఖాళీ మీద కర్ర పెట్టి, నడుమ పది లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీసి, ఎంత వంగిందో కొలవడం. కర్రలన్నీ 25 మి.మీ. చదరం. సా మిల్లులో ముక్కలు అడిగితే నవ్వి ఇచ్చారు.

టేకు 5 మి.మీ. పైచిలుకు వంగింది. మామిడి ఇంకాస్త ఎక్కువ. నల్లమద్ది టేకుతో సమానంగా నిలిచింది, చేతిలోకి తీసుకుంటే ఇటుకలా బరువు. పాత పాక విప్పిన చోట తాటి వాసం ముక్క ఒకటి దొరికింది. నల్లటి నార ఉన్న పైభాగం అద్భుతంగా గట్టిది. దాన్ని చిత్రిక పట్టబోతే నార లేచి అరచేతిలో గుచ్చుకుంది, ఆ ముచ్చట అక్కడితో సరి. లాఠీలకు వాడే గట్టి వెదురు కూడా ప్రయత్నించాను. బరువుకు తగిన బిగువు చూస్తే దానికదే సాటి. బోల్టు కోసం బెజ్జం వేయగానే కణుపు నుంచి కణుపుకు నిలువునా చీలింది. వెదురు మీద ఆశ ఉన్నవారు బెజ్జానికి ఇరువైపులా తీగ చుట్టి బిగించాలి. నాకు అంత ఓపిక లేదు.

చివరికి 25 మి.మీ. అల్యూమినియం గొట్టం పెట్టాను. 4 మి.మీ. కూడా వంగలేదు! బరువు మీటరుకు 300 గ్రాములు, టేకు 400.

నిజం ఒప్పుకోవాలి, మనసు చివుక్కుమంది. చెక్క గెలవాలని పెట్టిన పోటీలో లోహం గెలిచింది. పుస్తకంలో అంకెలు మొదటే చూసి ఉంటే ఇంత నీళ్లు మోసేవాడిని కాదు. యంగ్ గుణకం (పదార్థం సాగకుండా, వంగకుండా నిలిచే బిగువు కొలత) ఉక్కుకు 200, అల్యూమినియానికి 70, టేకుకు నారవాటంలో దాదాపు 12 గిగాపాస్కల్‌లు. సాంద్రతలు వరుసగా 7.85, 2.7, 0.65. గుణకాన్ని సాంద్రతతో భాగిస్తే ఉక్కు, అల్యూమినియం రెండూ 25 దగ్గర తేలతాయి, టేకు 18 దగ్గర. ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న ఘన కడ్డీలు తీసుకుంటే టేకు కడ్డీ అల్యూమినియం కడ్డీకన్నా దాదాపు మూడు రెట్లు బిగువుగా ఉంటుంది, ఎందుకంటే అదే బరువుకు లావుగా వస్తుంది. కానీ అల్యూమినియాన్ని ఎవరూ కడ్డీగా వాడరు. గొట్టంగా వాడతారు. టేకు చెట్టు గొట్టంగా పెరగదు.

కార్బన్ గొట్టం అయితే వీటన్నింటినీ తలదన్నుతుంది. పోగులు అల్లిన దిశను బట్టి, జిగురు పాళ్లను బట్టి అంకె మారుతుంది కాబట్టి "కార్బన్" అన్న ఒక్క మాట చూసి కొనకూడదంటారు.

నవంబరు 13

నిద్ర పట్టక రాత్రి పది గంటలకు ఇంకో పరీక్ష చేశాను. అదే గొట్టాన్ని, అదే టేకు ముక్కను దారాలతో వేలాడదీసి చెంచాతో కొట్టాను. అల్యూమినియం గుడిగంటలా మోగింది, కొంతసేపు మోగుతూనే ఉంది. టేకు "టక్" అని ఊరుకుంది.

వంగడం ఒక లెక్క, ఊగుతూ ఉండడం ఇంకో లెక్క. బకెట్ పరీక్ష మొదటిదాన్నే కొలిచింది. బంతి తగిలాక చుక్క ఎంతసేపు గంతులు వేసిందన్నది రెండోది. తరగతిలో అవరుద్ధ డోలనాలు అని పేరు చెప్పి, గ్రాఫు గీసి వదిలేస్తాం. వణుకులోని శక్తిని తనలో వేడిగా కరిగించుకునే గుణం అల్యూమినియంలో అతి తక్కువ, చెక్కలో దానికి పది రెట్లకు పైనే. కార్బన్ ఫైబర్‌లోని జిగురు కూడా కొంత మింగుతుంది, అందుకే అది లోహంకన్నా మెరుగు. షట్టరు దెబ్బ చిన్నదే. ఆ దెబ్బ సెకనులో 30వ వంతులోనే చావాలా, నాలుగు సెకన్లు బతకాలా అన్నదే నా గూడబాతు కన్ను స్పష్టంగా వస్తుందో రాదో తేల్చేది.

చెంచా చప్పుడుకు ఇంట్లో లేచి వచ్చారు. వివరించాను. "రేపు పొద్దున వివరించండి" అన్నారు.

నవంబరు 16

కర్ర ఎక్కడిది అన్న ప్రశ్న. కొత్త టేకు కొంటే ఆరిందో లేదో నమ్మకం లేదు. ఆరని కర్రతో చేస్తే ఎండాకాలానికి మెలి తిరుగుతుంది. పాత ఇల్లు పడగొట్టినప్పటి సింహద్వారం ద్వారబంధం పెరటి రేకుల కింద పదిహేనేళ్లుగా పడి ఉంది. అయిదు అంగుళాలకు మూడు అంగుళాల కమ్ములు, గోదావరి టేకని నాన్న చెబుతారు. ఇంతకన్నా ఆరిన కర్ర ఎక్కడ దొరుకుతుంది?

అమ్మ ఒప్పుకోలేదు. పసుపు కుంకుమ పెట్టిన గుమ్మాన్ని కోస్తావా అంది. పూట అంతా చర్చలు జరిగి సంధి కుదిరింది: గడప జోలికి పోకూడదు, నిలువు కమ్ములు రెండూ తీసుకోవచ్చు.

వడ్రంగి మేస్త్రి వచ్చి కమ్మి అంచున బాడిసతో చిన్న పెచ్చు లేపి చూశాడు. "ఇటు వైపు తెలుపు మాస్టారూ, చేవ కాదు. ఈ అంగుళం తీసిపారేద్దాం." తరువాత గీతలు ఎటు పోతున్నాయో వేలితో వెంబడించాడు. కమ్మి పొడుగునా నార తిన్నగా సాగాలి. పక్కకు వాలి అంచులో తేలిపోతే ఆ చోట కర్ర విరుగుతుంది, వంగేటప్పుడు మెలి కూడా పడుతుంది. ఒక ముడి దగ్గర సుద్దముక్కతో గుండ్రంగా గీసి, "ఇది కాలికి వద్దు" అన్నాడు. చెక్కకు నారవాటంలో తేమ ప్రభావం దాదాపు ఉండదు. ఉబ్బడం, కుదించుకుపోవడం అంతా అడ్డంగానే. అందుకని జారే భాగంలో పక్కల ఒక పోస్టుకార్డు మందం ఖాళీ వదలమని చెప్పాను. మేస్త్రి రెండు పోస్టుకార్డులన్నాడు. ఆయన మాటే నెగ్గింది.

రంపం మిషనులో మొదటి కోత సగంలో ఖణేల్‌మంది. తోరణాలు కట్టడానికి ఏ తరం వారో కొట్టిన మేకు, తల ఊడి లోపల ఉండిపోయింది. రంపం పళ్లు రెండు పోయాయి. సా మిల్లు ఆయన నా వైపు చూసిన చూపు ఖరీదు రెండు వందలు. అటు తరువాత ప్రతి అడుగూ అయస్కాంతం తిప్పి చూసి మొత్తం పదకొండు మేకులు పీకాం.

నవంబరు 23

మొదటి ట్రైపాడ్ తయారు. ఒక్కో కాలికి 20కి 30 మి.మీ. కమ్ములు రెండు, వాటి నడుమ జారే అడుగు కర్ర ఒకటి, బిగించడానికి ఇనుప పట్టీ, రెక్కల నట్టు. పాదాలకు లేత్ షాపులో ఇనుప ములుకులు చేయించాను. తలకు 12 మి.మీ. మందం అల్యూమినియం పలకను త్రికోణంగా కోయించి, నడుమ 3/8 అంగుళం బోల్టు దించాం. కెమెరా సామానుకు 3/8, 1/4 అంగుళం మరలే లోకమంతటా వాడుక. మన హార్డ్‌వేర్ దుకాణాల్లోని విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలతల) బోల్టులకు కూడా ఈ కొలతల్లో అంగుళానికి అవే 16, 20 చుట్లు కాబట్టి పట్టేశాయి. నడిమి కాడ పెట్టలేదు. ఆ మాట ఎత్తితే అమ్మాయే ఒప్పుకోలేదు, ఫ్రేములు లెక్కపెట్టింది తనే కదా.

బరువు 3 కిలోల 600 గ్రాములు. అల్యూమినియందానికి రెట్టింపు.

రాత్రి లేజర్ పరీక్ష. పాత బాల్ హెడ్‌నే (కెమెరాను ఎటైనా తిప్పి బిగించే గుండు తల) బిగించాను, పోలిక చెడకూడదని. చుక్క నిలవడానికి 1.6 సెకన్లు.

1.6! పాత ట్రైపాడ్‌ను పొట్టి చేసి పెడితే 1.4. ద్వారబంధం కోసి, అమ్మతో మాట పడి, రంపం విరగ్గొట్టి సాధించింది వెనకడుగు.

నవంబరు 24

వీడియో మళ్లీ మళ్లీ చూశాను. చుక్క పైకీ కిందికీ ఊగడం తొందరగానే ఆగుతోంది. పక్కలకు ఊగడం ఆగడం లేదు. అంటే కాళ్లు వంగడం లేదు, తల మెలి తిరుగుతోంది. పలకను చేత్తో పట్టి స్టీరింగులా తిప్పి చూస్తే కళ్లకే కనిపించింది: ప్రతి కాలూ పలకను కలిసే చోట కాస్త ఆడుతోంది.

తప్పు నాదే. అల్యూమినియం ట్రైపాడ్‌ను చూసి నకలు చేశాను. దానిలో కాలి పైకొస సన్నగా ఉండి పలకలోని గాడిలో దూరుతుంది. నేనూ రెండు కమ్ములను పైన ఒక దిమ్మతో కలిపి, 25 మి.మీ. కుసి (గాడిలో దూరే సన్నని కొస) తీసి గాడిలో దూర్చాను. లోహానికి ఆ వెడల్పు చాలుతుంది. టేకు అక్కడ నలుగుతుంది, బోల్టు చుట్టూ బెజ్జం కోలగా అరుగుతుంది. టేకుకు అల్యూమినియం చొక్కా తొడిగాను, అది ఒంటికి పట్టలేదు.

మధ్యాహ్నం భోజనం చేస్తూ, హాలులో నిలబెట్టిన నాన్న స్టాండును పరధ్యానంగా చూస్తున్నాను. చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. దానిలో ప్రతి కాలికీ రెండు కమ్ములు పైన ఎడంగా విడిపోయి, ఇత్తడి తలను ఇటొకటి అటొకటి పట్టుకున్నాయి. నడుమ దాదాపు జానెడు ఎడం. మెలి తిరగాలంటే ఆ జానెడు వెడల్పునా తిరగాలి. పదిహేను రోజులుగా ఆ స్టాండు నా కళ్ల ముందే నిలబడి ఉంది. దాని కర్రను చూశాను గాని ఆకారం చూడలేదు.

నాన్నకు చెబితే, "అందుకే కదా దాని మీద పొద్దంతా కోణాలు చదివేవాళ్లం" అన్నారు, నాకు ముందే తెలిసి ఉండాల్సింది అన్నట్టు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే గురించి, సగం టన్ను బరువున్న ఆయన థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) గురించి ఏటా పిల్లలకు ఉత్సాహంగా చెబుతాను. ఆ పరికరాల కింద కాళ్లు ఎలా ఉంటాయో ఇంట్లో ఉన్నదాన్ని చూసి నేర్చుకోలేదు.

నవంబరు 30

రెండో ట్రైపాడ్. పై కమ్ములను అలాగే ఉంచి, దిమ్మ తీసేశాం. పలక మూడు మూలలనూ 70 మి.మీ. వెడల్పు చెవులుగా మార్చి, ఒక్కో చెవిని రెండు కమ్ములూ రెండు వైపులా పట్టుకొనేలా, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే పొడవాటి బోల్టు దూర్చాం. టేకు బెజ్జాల్లో అరగకుండా ఇత్తడి బుష్‌లు (చిన్న గొట్టపు తొడుగులు), కమ్మికీ చెవికీ మధ్య తోలు వాషర్లు. తోలు పాత చెప్పులది, మేస్త్రి సలహా. ఎడం పెరిగింది కాబట్టి అడుగు కర్ర కూడా మారింది: 18 మి.మీ. మందం ఉన్న వెడల్పాటి పలక, పాదం దగ్గరికి వచ్చేసరికి సన్నబడేలా.

మరుగ కాచిన అవిసె నూనె రెండు పూతలు పూశాను. వార్నిష్ మెరుపు పక్షులకు నచ్చదేమో అని ఒక కారణం. గీత పడినచోట మళ్లీ ఇంత నూనె రాస్తే పోతుందన్నది అసలు కారణం. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. తీగ మీద విడివిడిగా ఆరేశాను.

బరువు 4 కిలోల 300 గ్రాములు. స్కూటరు మీద అడ్డంగా పెడితే ఎదురువచ్చేవాళ్లు నాగలి అనుకుంటారు.

లేజర్ పరీక్ష: 0.6 సెకన్లు. మూడుసార్లు చేశాను. 0.6, 0.5, 0.6.

న్యాయంగా ఉండాలని పాత అల్యూమినియం ట్రైపాడ్ కీళ్ల బోల్టులను కూడా పానాతో బిగించి పరీక్షించాను. 1.4 నుంచి 1.1కి దిగింది. కొత్తది కొనాలనుకునేవాళ్లు ముందు ఆ పని చేసి చూడాలి. అయిదు నిమిషాలు, ఖర్చు లేదు. స్టాండు కదలకుండా బరువు కోసం కాళ్ల నడుమ సంచి వేలాడదీసే అలవాటు గురించి కూడా చూశాను. గాలి లేని డాబా మీద కాస్త మేలు చేసింది. ఫ్యాను గాలి తగలగానే సంచి లోలకంలా ఊగి పని చెడగొట్టింది. సంచి అడుగు నేలకు తాకేలా వేలాడదీస్తే ఆ బెడద లేదు.

డిసెంబరు 3

ఆఖరి పరీక్ష ఫొటోతోనే అనుకున్నాను కదా. 30 మీటర్ల దూరంలో ఎదురింటి గోడకు దినపత్రిక పేజీ అంటించి, సెకనులో 15వ వంతు షట్టరుతో తీశాను. రెండు సెకన్ల టైమరు, లెన్సులోని వణుకు నివారణ మీట ఆపేసి. (స్టాండు మీద ఉన్నప్పుడు ఆ యంత్రం లేని వణుకును వెతుక్కుంటూ తనే కదపగలదు.) పాత ట్రైపాడ్ మీద పది ఫొటోల్లో శీర్షికలు చదవగలిగాను. టేకు మీద పదింటిలో తొమ్మిదిట్లో సంతాప ప్రకటనలు కూడా చదవగలిగాను. పదోది తీసేటప్పుడు డాబా మెట్ల మీద ఎవరో పరుగెత్తారు. నేల ఊగితే ఏ కర్ర మాత్రం ఏం చేస్తుంది?

డిసెంబరు 7

ఉప్పలపాడు, ఉదయం ఆరు దాటింది. కట్ట మీద నల్లరేగడి రాత్రి మంచుకు మెత్తబడి ఉంది. పాత ట్రైపాడ్ రబ్బరు పాదాలు ఇలాంటి నేలలో గంటసేపు నెమ్మదిగా కుంగుతూ ఉండేవి, చట్రంలోని పక్షి కిందికి జారిపోయేది. నాన్న చెప్పినట్టే ములుకులను బూటుతో తొక్కి గట్టి పొర తగిలేదాకా దించాను. ఇక ముట్టుకోలేదు, రిమోటుతోనే నొక్కాను.

గూడబాతు అదే కొమ్మ మీద ఉందో, దాని చుట్టమో. సెకనులో 20వ వంతు, ఐఎస్ఓ 400. నలభై ఫొటోలు. పెద్దవి చేసి చూస్తే ముప్పై ఒకటి నిలిచాయి. పోయిన తొమ్మిదిలో ఆరు అది తల తిప్పినవి. మిగిలిన మూడింటి సంగతి గాలిని అడగాలి: లెన్సు ముందు తొడుగు తెరచాపలా గాలిని పట్టుకుంటుంది, పది గంటల తరువాత చెరువు మీది గాలికి ఏ స్టాండయినా కొంత లొంగుతుంది. ఎర్రకాళ్ల కొంగల గూళ్ల దగ్గర నిలువు ఫొటోలు కూడా తీశాను. మెడ మడతలో ఒక్కో ఈక విడిగా వచ్చింది.

పక్కన ఒకాయన బియ్యం సంచి లాంటిది గోడ మీద పరిచి, దానిపై లెన్సు ఆనించి హాయిగా తీసుకుంటున్నాడు. ఆయన ఫొటోలు చూపించాడు. చాలా బాగున్నాయి. గోడ ఉన్న చోట నా నాలుగు కిలోల మూడు వందల గ్రాముల కన్నా ఆయన సంచే మేలని ఒప్పుకున్నాను. గోడ లేని చోటికి కదిలి నా స్టాండు పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఒక చిక్కు. అడుగు కర్ర ఒకటి మడవబోతే ఇరుక్కుపోయింది. మంచుకు అడ్డంగా ఉబ్బింది. పోస్టుకార్డులు రెండు కాదు, మూడు పెట్టాల్సింది. ఎండలో పెట్టాక అరగంటకు జారింది.

డిసెంబరు 10

మేస్త్రి వచ్చి ఆ కర్ర రెండు పక్కలా చిత్రిక రెండు తోపులు తోసి పోయాడు. గూడబాతు ఫొటో ఒకటి అచ్చు వేయించి ఇచ్చాను. చాలాసేపు చూసి, "మన మేకుల గుమ్మమేనా ఇది తీసింది?" అన్నాడు. ముక్కు కింద సంచి మీది మచ్చలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

మేలో రెంటచింతల వైపు ఎండలకు ఇదే కర్ర కుదించుకుపోయి వదులవుతుంది. అప్పటికి బిగువు పెట్టడానికి తోలు ముక్కలు ఆరు కోసి, రెక్కల నట్లతో పాటు డబ్బాలో వేశాను. రెండో చెప్పు ఇంకా మిగిలే ఉంది.